నల్లరాతి కాలువల గట్టున

ఆస్ట్రేలియా ఆగ్నేయ మూలన ఉన్న విక్టోరియా రాష్ట్రంలో, మెల్‌బోర్న్ నగరం నుంచి పడమరగా మూడు వందల కిలోమీటర్లకు పైగా వెళ్తే బుజ్ బిమ్ ప్రాంతం వస్తుంది. చల్లారిపోయిన ఒక అగ్నిపర్వతం, దాని నుంచి ఒకనాడు దక్షిణ సముద్రం దాకా పారి గడ్డకట్టిన లావా, ఆ లావా అంచులను ఒరుసుకుంటూ సాగే వాగులు, వాగుల వెంట పరచుకున్న చిత్తడి నేలలు కలిసి ఈ ప్రాంతమైంది. ఈ నేలకు అనాదిగా వారసులైన గుండిచ్‌మారా ప్రజలు ఇక్కడి నల్లరాతిని తొలిచి కాలువలు తీశారు. రాళ్లు పేర్చి కట్టలు కట్టారు. వాగు నీటితో పాటు దిగువకు వచ్చే మలుగు చేపలను దారి మళ్లించి, మడుగుల్లో నిలవ ఉంచి, కావలసినప్పుడు పట్టుకుని తిన్నారు. ఆ కాలువల్లో ఒకదాని వయసు 6,600 సంవత్సరాలని పురావస్తు పరిశోధన తేల్చింది. అంటే ఈజిప్టులో గిజా మహా పిరమిడ్ లేవడానికి దాదాపు రెండు వేల ఏళ్ల ముందే ఇక్కడ నీటి పని మొదలైందన్నమాట.

2019 జూలై 6న అజర్‌బైజాన్ రాజధాని బాకులో సమావేశమైన ప్రపంచ వారసత్వ సంఘం, సుమారు 9,900 హెక్టార్ల ఈ ప్రాంతాన్ని యునెస్కో జాబితాలో చేర్చింది. ఆస్ట్రేలియా నుంచి కేవలం మూలవాసుల సాంస్కృతిక విలువల ఆధారంగా ఆ జాబితాకెక్కిన మొదటి స్థలం ఇదే. అంతకు ముందు చేరిన కకాడు, ఉలూరు వంటి చోట్ల మూలవాసుల సంస్కృతితో పాటు ప్రకృతి విశేషాలను కూడా లెక్కలోకి తీసుకున్నారు. బుజ్ బిమ్ విషయంలో మాత్రం మనుషుల చేతిపనీ, తరతరాల జ్ఞానమూ చాలినంత ఆధారమయ్యాయి. అయినా ఈ స్థలం నుంచి నేర్చుకోవలసినది దాని ప్రాచీనత ఒక్కటే అనుకుంటే అసలు సంగతి చేయి జారిపోతుంది. కట్టినవారి వారసులే ఇక్కడ కాపలాదారులు, వారే మార్గదర్శకులు, ఏ దారి తెరవాలో ఏది మూసి ఉంచాలో నిర్ణయించేవారూ వారే. రాళ్లను కాపాడటమంటే ముందు నీటిని కాపాడటమని వారు పట్టుబట్టి, ఆ మాటను చేసి చూపించడమే ఈ స్థలానికి ఇప్పుడున్న ప్రాణం.

నిప్పు పారిన నేల

బుజ్ బిమ్ అగ్నిపర్వతం సుమారు 37,000 సంవత్సరాల క్రితం పేలిందని 2020లో ప్రచురితమైన కాలనిర్ణయం చెబుతోంది. దాని నుంచి వెలువడిన లావా, అంటే భూగర్భం నుంచి ద్రవంగా ఉబికి వచ్చి పైన చల్లబడి బసాల్టు అనే నల్లరాయిగా మారే పదార్థం, యాభై కిలోమీటర్లకు పైగా దక్షిణంగా పారింది. ఆ రోజుల్లో సముద్ర మట్టం ఇప్పటికన్నా ఎంతో దిగువన ఉండేది కాబట్టి, ఆ ప్రవాహపు చివరి భాగం నేడు సముద్రం అడుగున ఉంది. గుండిచ్‌మారా ప్రజలకు మాత్రం ఈ కొండ ఒక సృష్టికర్త ప్రత్యక్షమైన చోటు: బుజ్ బిమ్ అంటే వారి భాషలో ఎత్తైన తల, కొండ శిఖరం ఆ పూర్వికుడి నుదురు, చుట్టూ పడి ఉన్న లావా రాళ్లు ఆయన పళ్లు. ఇదే కాలానికి చెందిన పొరుగు అగ్నిపర్వతం టవర్ హిల్ బూడిద పొర కింద ఒక రాతి గొడ్డలి దొరికింది కాబట్టి, ఆ పేలుళ్ల నాటికే మనుషులు ఈ సీమలో ఉన్నారనీ, నిప్పు పారడాన్ని కళ్లారా చూసినవారి జ్ఞాపకమే ఈ కథలో మిగిలి ఉండవచ్చుననీ కొందరు శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. రుజువు చేయడం కష్టమైన మాటే గాని, తోసిపుచ్చడం అంతకన్నా కష్టం.

లావా వచ్చి పడటంతో పాత నీటి దారులన్నీ మారిపోయాయి. వాగుల నోళ్లు మూసుకుపోయి ఎగువన సరస్సులూ చిత్తడి నేలలూ ఏర్పడ్డాయి. నీరు లావా అంచుల వెంట కొత్త దారులు వెతుక్కుంది. అలా ఏర్పడిన సరస్సుల్లో ముఖ్యమైనది టే రాక్. వలస పాలకులు దానికి పెట్టిన పేరు కాండా సరస్సు. దాని నుంచి బయలుదేరి లావా పక్కగా దక్షిణానికి సాగే వాగు కిల్లారా. పటాల్లో డార్లట్ వాగు అని ఉంటుంది. అది ఫిట్జ్‌రాయ్ నదిలో కలుస్తుంది, ఆ నది పోర్ట్‌లాండ్ పట్టణానికి తూర్పున సముద్రంలో కలుస్తుంది. వారసత్వ స్థలంలోని మూడు ఖండాలు ఈ నీటి దారి వెంటే ఉన్నాయి: ఉత్తరాన అగ్నిపర్వతమూ టే రాక్ సరస్సూ ఉన్న బుజ్ బిమ్, నడుమ కుర్టోనిచ్ చిత్తడి నేల, దక్షిణాన కిల్లారా వాగు గట్టున టైరెండారా.

మలుగు ప్రయాణం, మనిషి ఉపాయం

ఈ ఇంజినీరింగ్ అంతా ఒక చేప చుట్టూ అల్లుకున్నది. పాములా పొడుగ్గా, జారుడుగా ఉండే మలుగు జాతికి చెందిన ఈ చేపను గుండిచ్‌మారా ప్రజలు కూయాంగ్ అంటారు. దాని జీవితం సామాన్య చేపల జీవితానికి తలకిందులు: పులస సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీదితే, కూయాంగ్ మంచినీటిలో పెరిగి గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోతుంది. పది, ఇరవై ఏళ్లు, ఆడవైతే ఒక్కోసారి అంతకు మించి, చిత్తడి నేలల్లోనూ వాగుల్లోనూ గడిపి, వయసు వచ్చాక వేసవి చివర, శరత్కాలపు వానలకు వాగులు పొంగినప్పుడు అది దిగువకు బయలుదేరుతుంది. అప్పటికి మేత మానేస్తుంది, కళ్లు పెద్దవవుతాయి, ఒళ్లు వెండి రంగుకు తిరుగుతుంది. ఇటీవల కొన్ని మలుగులకు ఉపగ్రహ సంకేత పరికరాలు తగిలించి వదిలినప్పుడు, అవి ఖండపు తూర్పు తీరం వెంట రెండు వేల కిలోమీటర్లకు పైగా ఈదుతూ, పగటి వేళ వందల మీటర్ల లోతుకు దిగి, రాత్రికి పైకి వస్తూ, ఉత్తరాన ఉన్న కోరల్ సముద్రం వైపు సాగినట్టు తేలింది. అక్కడ గుడ్లు పెట్టి చనిపోతాయి. ఆకులాంటి పిల్లలు సముద్ర ప్రవాహంలో కొట్టుకొచ్చి, తీరం చేరేసరికి గాజుపుల్లల్లా పారదర్శకంగా మారి, నదీముఖాల్లోంచి మళ్లీ ఎగువకు పాకుతాయి.

ఏటా రెండు వైపులా జరిగే ఈ రాకపోకలను గుండిచ్‌మారా పూర్వికులు కనిపెట్టారు, వాటికి తగినట్టు నేలను మలిచారు. వసంతంలో ఎగువకు వచ్చే పిల్ల మలుగులకు కొత్త నీటి తావులు చూపేలా చిత్తడి నేలలను కాలువలతో కలిపారు. అందులో అవి ఏళ్ల తరబడి పెరిగేవి. శరత్కాలంలో కిందికి దిగే పెద్ద మలుగులకు అడ్డంగా రాతి కట్టలు వేసి, కట్టల మధ్య ఇరుకు సందులు వదిలి, ఆ సందుల్లో బుట్టలు అమర్చారు. అన్ని కట్టలూ ఒకే ఎత్తున లేవు. సరస్సు మట్టం వానకు పెరిగి ఎండకు తగ్గుతూ ఉంటుంది కాబట్టి, నీరు ఒక మట్టంలో ఉన్నప్పుడు ఒక వరుస, ఇంకొంచెం తగ్గినప్పుడు దానికి దిగువనున్న మరో వరుస పని చేసేలా మెట్లు మెట్లుగా కట్టారు. అంటే సరస్సును తమకు నచ్చిన మట్టంలో బంధించే ప్రయత్నం చేయలేదు. సరస్సు ఏ మట్టానికి వచ్చినా పని ఆగకుండా ఏర్పాటు చేసుకున్నారు. కొన్ని మడుగులు చేపలను ప్రాణంతో నిలవ ఉంచడానికే.

నీటి ప్రాణులను ఇలా మేపి, పెంచి, నిలవ చేసుకుని వాడుకునే పద్ధతిని ఆక్వాకల్చర్ అంటారు. ఆక్వా అనగానే తెలుగు పాఠకుడికి భీమవరం, కైకలూరు పరిసరాల చేపల చెరువులూ, రొయ్యల చెరువులూ, నీటిని చిలికే ఏరేటర్లూ, మేత బస్తాలూ గుర్తుకొస్తాయి. కొల్లేటిలో అలాంటి చెరువుల గట్లు సరస్సు కడుపులోకే చొచ్చుకువచ్చి నీటి దారులను మూసేసిన సంగతీ, 2006లో ప్రభుత్వం వాటికి గండి కొట్టించవలసి వచ్చిన సంగతీ తెలిసినవారికి బుజ్ బిమ్ పద్ధతిలోని వివేకం వెంటనే బోధపడుతుంది. ఇక్కడ నీరు ఎక్కడా పూర్తిగా ఆగలేదు, బయటి మేత రాలేదు, సరస్సుకూ సముద్రానికీ ఉన్న తోవ మూతపడలేదు. ఆ తోవ మూసుకుపోతే మలుగు అనేదే ఉండదని వారికి తెలుసు.

సందులో పెట్టే బుట్టను దగ్గరగా చూడటం అవసరం. కొల్లేటి జాలరులు వాడే మావు లోపలికి వెళ్లిన చేపను బయటికి రానివ్వదు. గుండిచ్‌మారా మలుగు బుట్ట అలా కాదు: అది మనిషి చేతి కన్నా పొడవైన గరాటు, తల దగ్గర వెడల్పాటి గట్టి కడియం, అక్కడి నుంచి సన్నబడుతూ పోయి తోక దగ్గర మలుగు దూరేంత రంధ్రం. నీటి ఉరవడికి బుట్టలోకి వచ్చిన చేప ఆ ఇరుకు రంధ్రంలోంచి తల బయటపెట్టగానే, కట్ట మీద కాచుకుని ఉన్న మనిషి దాన్ని పట్టుకునేవాడు; చిన్నదైతే వదిలిపెట్టే వీలు అందులోనే ఉంది. ఆ బుట్టను చిత్తడి నేలల్లో పెరిగే ఒక రకం తుంగ ఆకులతో, ఆకును చీల్చి, ఎండబెట్టి, మళ్లీ తడిపి మెత్తబరచి, చుట్ట మీద చుట్ట వేసి కుడుతూ పోయినట్టుగా అల్లుతారు. చేప, చేపను పట్టే బుట్ట, బుట్టకు కావలసిన తుంగ అన్నీ ఒకే నీటి మీద బతుకుతాయి.

రాళ్లు చెప్పినవి, పరిశోధకులు వాదించుకున్నవి

1841లో పశ్చిమ విక్టోరియా అంతటా తిరిగిన వలస ప్రభుత్వపు మూలవాసుల సంరక్షణాధికారి జార్జ్ అగస్టస్ రాబిన్సన్, ఈ ప్రాంతానికి ఈశాన్యంగా ఉన్న విలియం కొండ వద్ద పెద్ద విస్తీర్ణంలో తవ్విన మలుగు కాలువలను చూసి తన డైరీలో రాసుకున్నాడు. అయినా మూలవాసులు దిమ్మరులనీ, నేలను సాగు చేయడం వారికి తెలియదనీ చెప్పే సిద్ధాంతమే పుస్తకాల్లో నిలిచిపోయింది, ఎందుకంటే భూమిని తీసుకోవడానికి ఆ సిద్ధాంతం అవసరమైంది. 1970లలో పీటర్ కౌట్స్ నాయకత్వంలోని ప్రభుత్వ పురావస్తు బృందం టే రాక్ కట్టలను పటాల మీదికి ఎక్కించింది. ఆ తరువాత హెదర్ బిల్త్ నీటి మట్టాలనూ కట్టల ఎత్తులనూ కంప్యూటర్ పటాలపై పోల్చి చూసి, ఇది ఇక్కడొకటి అక్కడొకటిగా పెట్టిన ఉచ్చుల గుంపు కాదనీ, మొత్తం లావా ప్రవాహం వెంట అమర్చిన ఒకే వ్యవస్థ అనీ వాదించింది. బోలుగా ఉన్న పాత మన్నా గమ్ చెట్ల (ఇవి నీలగిరి జాతివి) మొదళ్లలోని మట్టిని పరీక్షించి, అందులో మలుగు కొవ్వు జాడలను గుర్తించి, ఆ చెట్ల తొర్రల్లో పొగబెట్టి చేపలను నిలవ చేసేవారని కూడా ఆమె చూపింది.

కాలనిర్ణయం తేల్చినది మోనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాన్ మెక్‌నివెన్ బృందం, గుండిచ్‌మారా సంస్థతో కలిసి. కాలువ తవ్విన తేదీని రాయి చెప్పదు, ఎందుకంటే రాయి వయసు లావా వయసే. కాబట్టి కాలువ అడుగున పేరుకున్న ఒండ్రు పొరల్లో చిక్కుకున్న బొగ్గు తునకలను వెలికితీసి, రేడియోకార్బన్ పద్ధతిలో, అంటే ఒకప్పుడు ప్రాణమున్న పదార్థంలో మిగిలిన కార్బన్-14 శాతాన్ని బట్టి, వాటి వయసు లెక్కగట్టారు. 2012లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం టే రాక్ వద్ద పరీక్షించిన ఒక సముదాయంలో కాలువ 6,600 ఏళ్ల నాటిది, దాని పక్కన పేర్చిన రాతి గోడలు మాత్రం కొన్ని వందల ఏళ్ల నాటివి. ఈ రెండో సంగతి మొదటిదాని కన్నా తక్కువ విలువైనదేమీ కాదు. ఒకసారి కట్టి వదిలేసిన కట్టడంగా కాక, తరతరాలు మరమ్మతు చేస్తూ, మార్చుకుంటూ, పెంచుకుంటూ వచ్చిన పనిగా ఈ వ్యవస్థను చూడాలని అది చెబుతోంది.

అన్నిటి మీదా ఏకాభిప్రాయం లేదు. లావా మీద అర్ధచంద్రాకారంలో కనిపించే రాతి వలయాలు ఇళ్ల పునాదులనీ, వాటి మీద కొమ్మలూ మట్టిగడ్డలూ కప్పి స్థిరనివాసాలు ఏర్పరచుకున్నారనీ గుండిచ్‌మారా పెద్దలు చెబుతారు; 1990లలో ఆన్ క్లార్క్ జరిపిన పరిశీలనలో మాత్రం వాటిలో కొన్ని చెట్లు కూలినప్పుడు రాళ్లు చెదిరి సహజంగా ఏర్పడినవి కావచ్చునన్న అభిప్రాయం వ్యక్తమైంది. ప్రతి వలయాన్నీ ఇల్లనడం ఎంత తొందరపాటో, కొన్ని ఇళ్లు కావు కాబట్టి ఊరే లేదనడం అంతకన్నా తొందరపాటు. ఏడాది పొడవునా చేప దొరికే ఏర్పాటు ఉన్న ప్రజలు ఏడాది పొడవునా అక్కడ ఉండలేదని నమ్మడానికి కారణమేదీ కనిపించదు.

యుద్ధం, మిషన్, ఎండిన సరస్సు

1834లో హెంటీ కుటుంబం పోర్ట్‌లాండ్‌లో స్థిరపడటంతో విక్టోరియా వలస ఈ తీరాన మొదలైంది. గొర్రెల మందలు లోపలికి వచ్చినకొద్దీ గుండిచ్‌మారా ప్రజలు ఎదురు తిరిగారు. 1840లలో సాగిన ఆ పోరాటాన్ని యూమెరాల్లా యుద్ధాలంటారు. గుర్రాలు నడవలేని లావా రాళ్ల నేల వారికి కోట అయింది. కొన్నేళ్లు నిలిచి, చాలామందిని పోగొట్టుకుని, చివరికి వారు ఓడిపోయారు. 1867లో చర్చి వారు కాండా సరస్సు పక్కన ఒక మిషన్ నెలకొల్పి, మిగిలినవారిని అక్కడ చేర్చారు. భాష మాట్లాడనివ్వలేదు, ఆచారాలు సాగనివ్వలేదు. 1919 నాటికి మిషన్ మూసేసి, మనుషులను దూర ప్రాంతాలకు పొమ్మన్నారు, చాలామంది కదలలేదు. ఇక్కడి యువకులు రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఆస్ట్రేలియా తరఫున పోరాడారు. ఆస్ట్రేలియా సైన్యంలో 1944లో అధికారి హోదా పొందిన తొలి మూలవాసి రెగ్ సాండర్స్ గుండిచ్‌మారా మనిషే. అయినా రెండో యుద్ధం ముగిశాక మిషన్ భూములను తిరిగొచ్చిన శ్వేత సైనికులకు పంచిపెట్టారు. అదే యుద్ధంలో పోరాడి వచ్చిన ఇక్కడి మూలవాసులకు ఎకరం కూడా దక్కలేదు. మిషన్ కాలంలో గుండిచ్‌మారా చేతులతోనే నల్లరాతితో కట్టిన చర్చిని 1957లో కూల్చేశారు.

ఈ లోగా సరస్సే పోయింది. పచ్చిక బయళ్ల కోసం 19వ శతాబ్దం చివర మొదలుపెట్టి 1950ల దాకా మురుగు కాలువలు తవ్వి టే రాక్ నీటిని దిగువకు వదిలేశారు. రాతి కట్టలు మిగిలాయి గాని, వాటి గుండా పారడానికి నీరు లేదు. ఆ కట్టల నుంచి రాళ్లను పీకి రైతులు ప్రహరీలు కట్టుకున్నారు. ఈ నష్టాన్ని కేవలం పురావస్తు నష్టంగా లెక్కగట్టడం సరికాదు. పిల్లలకు పని నేర్పే బడినే ఎండగట్టడం అది.

హక్కు తిరిగి రావడం

1980 ప్రాంతంలో పోర్ట్‌లాండ్ వద్ద అల్యూమినియం కర్మాగారం కట్టడానికి అల్కోవా కంపెనీ ముందుకొచ్చింది. ఆ నేలలో తమ పూర్వికుల అవశేషాలున్నాయంటూ సాండ్రా ఓనస్, క్రిస్టీనా ఫ్రాంక్లాండ్ అనే ఇద్దరు గుండిచ్‌మారా మహిళలు కోర్టుకెక్కారు. సొంత ఆస్తి నష్టమేదీ చూపలేని మీకు దావా వేసే అర్హత ఎక్కడిదన్నది కింది కోర్టుల్లో వారికి ఎదురైన ప్రశ్న. ఆ అవశేషాల సంరక్షకులుగా వారికి ఆ అర్హత ఉందని 1981లో ఆస్ట్రేలియా హైకోర్టు, అంటే ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం, తీర్పు చెప్పింది. కర్మాగారం ఆగలేదు, కాని దావా రాజీగా ముగిసింది, దాని పర్యవసానంగా 1987లో ఫెడరల్ పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి కాండా మిషన్ భూమిని మూలవాసుల సంస్థకు అప్పగించింది. వలస వచ్చేనాటికి ఆస్ట్రేలియా ఎవరికీ చెందని భూమి అనే వాదాన్ని హైకోర్టు 1992లో మాబో కేసులో కొట్టేసింది. తరువాత వచ్చిన చట్టం కింద గుండిచ్‌మారా ప్రజలు 1996లో సంప్రదాయ భూహక్కు కోసం దరఖాస్తు చేసుకున్నారు. 2007 మార్చి 30న ఫెడరల్ కోర్టు వారి నేల మీదికే వచ్చి కొలువు తీరి, దాదాపు 1.4 లక్షల హెక్టార్ల ప్రభుత్వ భూములపై వారి హక్కును గుర్తించింది. ఆ హక్కును వారి తరఫున నిర్వహించే సంస్థ గుండిచ్ మిరింగ్. మరుసటి ఏడాది టే రాక్ కూడా వారి చేతికి వచ్చింది.

చేతికి వచ్చినది ఎండిన సరస్సు. దాన్ని ప్రదర్శనశాలగా మార్చి, ఖాళీ కట్టల పక్కన బోర్డులు పాతి ఉంటే చాలామంది మెచ్చుకునేవారే. వారు అలా చేయలేదు. పాత మురుగు కాలువకు అడ్డంగా, మన చెరువుల అలుగు వంటి చిన్న కట్టడం కట్టి, 2010లో నీటిని మళ్లీ నిలబెట్టారు. నీరు మట్టానికి వచ్చేసరికి రాతి కాలువల్లో ఒకదాని తరువాత ఒకటి పారడం మొదలై, అంతవరకు పటాల మీద గీతలుగా ఊహించిన వ్యవస్థ ఎలా పని చేసిందో కళ్ల ముందు తెలిసింది. పక్షులూ తుంగా తిరిగి వచ్చాయి. తొమ్మిదేళ్ల తరువాత వచ్చిన ప్రపంచ వారసత్వ హోదా ఎంత గొప్పదైనా, ఆ నీటి కన్నా గొప్పది కాదు.

వాగు వెంట నడక

సందర్శకుడికి ఈ చరిత్రంతా అడుగుల కింద తగిలే చోటు దక్షిణ ఖండమైన టైరెండారా. కిల్లారా వాగు గట్టున ఉన్న ఈ పూర్వపు పశువుల మేత భూమిని హేవుడ్ పట్టణం కేంద్రంగా పనిచేసే విండా-మారా అనే మూలవాసుల సంస్థ నిర్వహిస్తోంది. 2003లో దీన్ని మూలవాసుల సంరక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అంటే భూమి సొంతదారులైన మూలవాసులు తమంతట తాముగా దాన్ని పరిరక్షణకు అంకితం చేస్తే, ఫెడరల్ ప్రభుత్వం నిధులతో తోడ్పడుతుంది, పెత్తనం మాత్రం సొంతదారులదే. పశువులను తోలేసి, కలుపు తీసి, మన్నా గమ్ మొక్కలు నాటి, నీటి దారులు తెరిచిన పని బుజ్ బిమ్ రేంజర్లది, అంటే ఇక్కడి మూలవాసుల నుంచే ఎంపికై జీతం తీసుకుని నేలను కాచే సిబ్బందిది. నడక దారి అక్కడక్కడ చిత్తడి మీద వేసిన చెక్క వంతెనగా, అక్కడక్కడ గరుకు రాతి బాటగా సాగుతుంది. దారి పక్క రాళ్లు మొదట వట్టి రాళ్ల కుప్పల్లాగే కనిపిస్తాయి; కొంత నడిచాక, ఒక కుప్ప వాగుకు అడ్డంగా వంపు తిరిగి ఉందనీ, దాని నడుమ వదిలిన సందు బుట్ట మూతికి సరిపడేంతే ఉందనీ, సందు వెనుక నేల పల్లమై మడుగు వైపు వాలిందనీ కన్ను గుర్తుపట్టడం మొదలుపెడుతుంది.

ఉత్తరాన బుజ్ బిమ్ జాతీయ పార్కులో నడక దారులు వేరే తరహావి. అగ్నిపర్వత ముఖంలో నిలిచిన సర్‌ప్రైజ్ సరస్సు చుట్టూ ఒక బాట ఉంది. లావా పైన గట్టిపడి లోపల ఇంకా పారుతూ పోవడంతో ఏర్పడిన సొరంగాలనూ కాలువలనూ చూపే బాట మరొకటి. ఈ పార్కును విక్టోరియా పార్కుల శాఖతో కలిసి గుండిచ్‌మారా ప్రజలు నిర్వహిస్తారు; ఎకిల్స్ కొండ అనే వలసనాటి పేరును తీసేసి 2017లో పార్కుకూ కొండకూ బుజ్ బిమ్ అనే పేరే ఖాయం చేశారు. వారసత్వ ప్రాంతంలో కొన్ని భాగాలకు ఎవరైనా వెళ్లవచ్చు. మరికొన్నిటికి గుండిచ్‌మారా మార్గదర్శకుల వెంట మాత్రమే వెళ్లాలి. పేరొచ్చిన చోటల్లా బారులు తీరే బస్సులకు అలవాటుపడిన పర్యాటక రంగానికి ఈ నిబంధన ఇబ్బందిగా తోచవచ్చు. కాని ఏ కథ ఎవరికి చెప్పాలో, ఏ చోటు చూపకూడదో తేల్చే అధికారం లేకుండా సముదాయ నిర్వహణ అనడంలో అర్థం లేదు. టికెట్లు చింపే ఉద్యోగాలు స్థానికులకు ఇచ్చి, నిర్ణయాలన్నీ రాజధానిలో తీసుకునే ఏర్పాటును ఆ పేరుతో పిలవడం మన దగ్గరా చూస్తున్నదే.

టే రాక్ ఒడ్డున 2022లో తెరిచిన ఆక్వాకల్చర్ కేంద్రంలో పొగబెట్టిన మలుగు రుచి చూపిస్తారు. ఆ రుచి వెనుక బుట్ట కథ ఒకటుంది. గుండిచ్‌మారా కళాకారిణి కోనీ హార్ట్ (1917–1993) చిన్నప్పుడు తల్లి బుట్ట అల్లుతుంటే చాటుగా చూసేది. బతకాలంటే తెల్లవారి పద్ధతులే నేర్చుకోవాలని నమ్మిన తల్లి ఆమెకు నేర్పలేదు. తల్లి పోయాక, అరవై ఏళ్లు దాటిన వయసులో, జ్ఞాపకంలోని ఆ చేతుల కదలికలనే ఆధారంగా చేసుకుని ఆమె అల్లడం మొదలుపెట్టింది, తరువాత ఇతరులకు నేర్పింది. ఆమె అల్లిన మలుగు బుట్టలు ఇవాళ ఆస్ట్రేలియా మ్యూజియంలలో ఉన్నాయి. ఆమె నేర్పిన అల్లిక మాత్రం మ్యూజియం బయట, ఇంకా తుంగ కోస్తున్న చేతుల్లో ఉంది.

ఇంకా తీరని పని

2019 డిసెంబరులో పిడుగు పడి బుజ్ బిమ్ అడవి అంటుకుంది. రేంజర్లు తమకు తెలిసిన ప్రతి కట్టనూ కాపాడుకుంటూ అగ్నిమాపక దళాలతో కలిసి పనిచేశారు. మంటలు చల్లారి గడ్డీ పొదలూ బూడిదయ్యాక, అంతవరకు ఎవరి పటంలోనూ లేని ఒక కాలువ, సుమారు 25 మీటర్ల పొడవున, బయటపడింది. దానితో ఈ వ్యవస్థ ఇప్పటిదాకా అనుకున్న దానికన్నా విస్తారమైనదని రుజువైంది. 2025 మార్చిలో మళ్లీ మంటలు వచ్చినప్పుడు పార్కులోని మన్నా గమ్ అడవి రెండు వేల హెక్టార్లకు పైగా కాలిపోయింది. ఆ ఆకే ఆహారమైన కోలాలు వందల సంఖ్యలో గాయపడి, ఆకలితో మిగిలిపోగా, ప్రభుత్వం వాటిని హెలికాప్టర్ల నుంచి కాల్చి చంపించడం దేశమంతా వివాదమైంది. ఎండలు ముదిరి వానలు తగ్గుతున్న నైరుతి విక్టోరియాలో ఇలాంటివి మళ్లీ రావని అనుకోవడానికి వీల్లేదు.

అందుకే గుండిచ్‌మారా ప్రజల ప్రస్తుత పోరాటం ప్రధానంగా నీటి కోసం. భూమి హక్కు వచ్చినా, అందులో పారే నీటి మీద హక్కు వేరే చట్టాల కింద ఉంటుంది. ఎగువన పశువుల పెంపకానికీ పంటలకూ ఎవరెంత తోడుకోవచ్చో అనుమతి పత్రాలు నిర్ణయిస్తాయి, ఆ పత్రాలు పంచినప్పుడు మూలవాసులు వరుసలోనే లేరు. 2022 చివర విక్టోరియా ప్రభుత్వం ఫిట్జ్‌రాయ్ నదీ వ్యవస్థలో 2.5 గిగాలీటర్ల, అంటే 250 కోట్ల లీటర్ల నీటి హక్కును గుండిచ్ మిరింగ్ సంస్థకు అప్పగించింది. నైరుతి విక్టోరియాలో నేల వారసులకు నీరు ఇలా తిరిగి రావడం అదే మొదలు. ఆ నీటిని తోడి అమ్ముకోవాలా, సాగుకు వాడుకోవాలా, వాగులోనే వదిలి మలుగుల దారిని తడిగా ఉంచాలా అన్నది ఇప్పుడు వారే కూర్చుని తేల్చుకుంటారు.